రాయి విరగకుండా ఎలా వంగుతుంది?

"రాయి అంత గట్టిది కదా, విరగకుండా ఎలా వంగింది? భూకంపం వల్లేనా?" అని నల్లమల కొండల్లో వంగిన రాతి పొరల గురించి ఒకరు అడిగారు. కాదు. భూకంపం క్షణాల్లో వచ్చి పోతుంది, అంత తొందరపెడితే రాయి విరుగుతుంది. వంగాలంటే కిలోమీటర్ల లోతు, వేడి, లక్షల ఏళ్లు పక్కల నుంచి నెట్టే ఒత్తిడి కావాలి.

మాది బేతంచెర్ల దగ్గర. నాయన నాపరాతి గనిలో పని చేసేవాడు. అక్కడ సున్నపురాయి పొరలు దాదాపు చదునుగా ఉంటాయి. సందులో ఉలి పెట్టి కొట్టి, గడ్డపారతో లేపితే బండ వచ్చేస్తుంది. నా చిన్నప్పుడు నంద్యాల నుంచి గిద్దలూరు పోతుంటే నల్లమల ఘాట్‌లో బస్సు పంక్చరైంది. అందరూ చెట్టు నీడకు పోతే, నాయన మాత్రం రోడ్డు కోసిన గట్టు దగ్గర నిలబడిపోయాడు. రెండు వేళ్ల మందం పొరలు పైకి లేచి, మళ్లీ కిందికి దిగి చీర కుచ్చిళ్ల మాదిరి ఉన్నాయి. వంపు దగ్గర లావుగా, పక్కల పలచగా. ఒక ముక్క పెరికి ఇంకో రాయితో కొట్టాడు. పొర వెంట చీలలేదు, పొరకు అడ్డంగా చీలింది. "ఇది బండకు రాదురా" అని పారేశాడు.

బండకు రాదు గానీ పలకకు వస్తుంది. మనం అ ఆలు దిద్దిన మార్కాపురం పలకలు ఈ నల్లమల రాళ్లే. కొండను మడిచిన ఒత్తిడే రాతిలోని సన్నని రేణువులను ఒకే వరసకు తిప్పింది. పలక చీలేది ఆ వరస వెంటే.

బడిలో ముడుత పర్వతాలంటే హిమాలయాలే చెప్పారు, పక్కనే ఉన్న నల్లమల ఊసే లేదు. కడప, కర్నూలు రాళ్ల మీద విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లోనే పెద్ద గ్రంథం రాశాడు, ఏం లాభం? గండికోటలో సెల్ఫీలు దిగేవాళ్లకూ ఒక మాట: అక్కడున్నవి చదును పొరలు, పెన్నా కోసుకుంటూ పోయింది, అంతే. అసలు తమాషా మైదుకూరు, రుద్రవరం వైపు ఉంది. పాత నల్లమల రాళ్లు భ్రంశం, అంటే నేలలోని పెద్ద పగులు, వెంట జరిగి, తమకంటే తర్వాత పుట్టిన కర్నూలు రాళ్ల నెత్తికెక్కాయి. కింద ఉన్నదే పాతదని బట్టీ పట్టినవాళ్లు ఒకసారి అక్కడికి పోయి చూడండి.

రాళ్లలోని పగుళ్ల సంగతి తెలియకుండా బోర్లు వేసేవాళ్లను చూస్తే నాకు మండుతుంది. నాపరాతి నేలలో నీళ్లుండేది పగుళ్లలో, సున్నం కరిగిన సందుల్లోనే. అయినా మా ఊళ్లో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాడికే గిరాకీ. పోయిన ఎండాకాలం మా చిన్నాయన కూడా వాడు చూపిన చోటే బోరు వేయించాడు. లేచింది తెల్ల దుమ్ము.