కొత్త ల్యాప్‌టాప్ సరే, ఆరు నెలల ఖర్చు ఎక్కడ?

ప్రశ్న: నా వయసు 27. కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంత ల్యాప్‌టాప్‌లో ఇంటి నుంచే పని. జీతంలో 75 శాతం ఖర్చులకు పోతుంది. బ్యాంకులో ఒక నెల ఖర్చుకు సరిపడా డబ్బుంది. క్రెడిట్ కార్డు బిల్లు కొన్ని నెలలు మినిమం కట్టి నెట్టుకొస్తున్నాను. నా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ ర్యామ్. పాతిక ట్యాబులు, ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్), వీడియో కాల్ ఒకేసారి తెరిస్తే నత్తనడకే. రాత్రిళ్లు గేమ్స్ ఆడతాను. కోర్ ఐ9 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్ చిప్, 32 జీబీ ర్యామ్ ఉన్నది కొంటే అయిదేళ్లు చూసుకోనక్కర్లేదని స్నేహితులు అంటున్నారు. ధర నా మూడున్నర నెలల జీతం. 12 శాతం ఫ్లాట్ వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ తీసుకోనా, కార్డు మీద ఈఎంఐ పెట్టుకోనా?

జవాబు: రెండూ వద్దు. ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి. ఏ లోన్ మేలని అందరూ అడుగుతున్నారు, కొన్నాక చేతిలో ఎంత మిగలాలని మాత్రం ఎవరూ అడగడం లేదు. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

మీ జీతం 100 అనుకుందాం. ల్యాప్‌టాప్ 350. ఫ్లాట్ 12 శాతం చొప్పున రెండేళ్లకు వడ్డీయే 84. ఫ్లాట్ అన్నారు కాబట్టి తీరిపోయిన అసలు మీద కూడా వడ్డీ కడుతూనే ఉంటారు. అసలు లెక్కలో అది ఏడాదికి దాదాపు 22 శాతం. ఈఎంఐ 18 అవుతుంది. ఖర్చులు పోగా మీకు మిగిలేది 25, అందులో ఇక 7 ఉంటుంది. కార్డు బాకీ తీర్చాలన్నా, పొదుపు చేయాలన్నా, పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా ఆ ఏడే. ఈలోగా కాంట్రాక్టు ఆగిపోతే? బ్యాంకులో ఉన్నది ఒక్క నెలకు. రెండో నెల ఈఎంఐ కోసం ల్యాప్‌టాప్ అమ్ముదామంటే వాడిన గేమింగ్ మెషీన్‌కు వచ్చే డబ్బు మిగిలిన బాకీకి చాలకపోవచ్చు. పైగా రేపు కొత్త పని వెతుక్కోవాలన్నా, చేయాలన్నా మీకు ఆ మెషీనే ఆధారం.

ఇంతకన్నా నాకు ఒళ్లు మండించిన మాట ‘మినిమం కట్టి నెట్టుకొస్తున్నాను’ అన్నది. కార్డు వడ్డీ నెలకు 3 శాతం అనుకున్నా చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఆ బాకీ పెట్టుకుని అదే కార్డు మీద ఇంకో ఈఎంఐ ఏమిటండీ? ముందు అది సున్నా చేయండి. మధ్యలో ఏమీ కొనొద్దు.

తర్వాత అత్యవసర నిధి. మామూలు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు అంటాను. కాంట్రాక్టు వారికి అంతకన్నా ఎక్కువున్నా తప్పులేదు. కార్డు తీరాక ఆ 25 మొత్తం పక్కన పెడితే ఇంకో ఆరు నెలలకు, బ్యాంకులో ఇప్పుడున్న నెల ఖర్చుతో కలిపి, మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. అక్కడికి వచ్చాక 9 నిధికి, 16 ల్యాప్‌టాప్‌కి విడదీయండి. ఆ నిధిని ‘ఇందులోంచే కొనేస్తే పోలా’ అనే ఆలోచన వస్తుంది, రాకుండా ఉండదు. అందుకే వేరే ఖాతాలో పెట్టమంటాను.

‘అప్పటిదాకా ఈ నత్తతోనా?’ అంటారు. ఒక పని చేయండి. మామూలుగా మీరు తెరిచేవన్నీ తెరిచి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. మెమరీ 90 శాతం దాటి, డిస్క్ పరుగులు పెడుతూ, ప్రాసెసర్ మాత్రం 30, 40 దగ్గర తీరిగ్గా కూర్చుంటే మీ బాధ ర్యామ్‌ది. ఐ9 కొన్నా ఆ బాధ పోయేది దానివల్ల కాదు, దాంతో వచ్చే 32 జీబీ వల్ల. పాతదానిలో ర్యామ్ బోర్డుకే అతికించి లేకపోతే 16కు పెంచుకోండి, ఫ్యాన్ దుమ్ము దులిపించండి. ఆఫీసు పని నడిచిపోతుంది. గేమ్స్ సెట్టింగులు తగ్గించుకుని ఆడండి, కొంపలేం మునగవు.

కొనే రోజు వచ్చాక బడ్జెట్ రెండు నెలల జీతం. అది పోగవడానికి, నెలకు 16 చొప్పున, ఏడాది పైచిలుకు పడుతుంది. అప్పుడు కూడా డబ్బును తర్వాత మార్చలేని వాటి మీదే పెట్టండి. గ్రాఫిక్స్ చిప్, ప్రాసెసర్, తెర, చల్లబరిచే ఏర్పాటు కొన్నాక మారవు. ర్యామ్, ఎస్ఎస్‌డీ స్లాట్లుంటే ఎప్పుడైనా పెంచుకోవచ్చు. రెండు ర్యామ్ స్లాట్లు, ఖాళీగా ఉన్న ఒక ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీ పెట్టే చోటు) ఉన్న మోడల్ చూసుకుంటే మొదట 16 జీబీతో మొదలుపెట్టి, 32 తర్వాత చేసుకోవచ్చు. ఒకే ర్యామ్ స్టిక్‌తో గేమ్స్ కొంత నెమ్మదిస్తాయి, ఆ సంగతి తెలిసే కొనండి. సన్నటి మోడళ్లలో ర్యామ్ చాలావరకు బోర్డుకే అతికించి ఉంటుంది, వాటి జోలికి వెళ్లొద్దు.

గ్రాఫిక్స్ విషయంలో పేరు చూసి మోసపోవద్దు. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060ను తయారీదారు 35 వాట్లకు కట్టేయొచ్చు, 115 దాకా వదలొచ్చు. 35 వాట్ల దాన్ని 115 వాట్ల దానితో పోల్చే పనే లేదు. స్పెసిఫికేషన్లలో టీజీపీ (గ్రాఫిక్స్ చిప్ వాడుకోగల వాట్లు) అంకె రాయకపోతే అడిగి తెలుసుకోండి. 4070 కోసం ఎక్కువ పోసినా వీడియో మెమరీ 4060లో ఉన్న 8 జీబీయే. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెర మీద ఆడేటట్లయితే మీకు పూర్తి వాట్ల 4060 స్థాయి చాలు. మీ పనికి హెచ్ శ్రేణి (ఎక్కువ వాట్లు వాడే ల్యాప్‌టాప్ రకం) ప్రాసెసర్‌లో ఐ7 కూడా ఎక్కువే. ఐ9 వేడికి ఫ్యాన్ మోత తప్ప మీకు ఒరిగేది తక్కువ.

ఎక్స్‌టెండెడ్ వారంటీ, మీ పని మొత్తం దీని మీదే కాబట్టి, తీసుకోండి. నో కాస్ట్ ఈఎంఐ అంటే వదులుకున్న క్యాష్ డిస్కౌంట్ ఎంతో చూడండి. ఆరోగ్య బీమా గురించి రాయలేదు. కాంట్రాక్టు ఉద్యోగం కనుక సొంతది లేకపోతే ల్యాప్‌టాప్ కన్నా ముందు అది.

కార్డు బాకీ ఎంతుందో కూడా రాయలేదు. ఆ అంకె, స్టేట్‌మెంట్‌లో ఉన్న నెలవారీ వడ్డీ రేటు పంపండి. ఎన్ని నెలల్లో తీరుతుందో, ల్యాప్‌టాప్ పొదుపు ఏ నెలలో మొదలుపెట్టవచ్చో లెక్క కట్టి పంపుతాను.