నాణేల పట్టీలు: బాకీ వసూలుకు ముందు తేల్చుకోవలసిన విషయం

ప్రశ్న: మాది గుంటూరు. మా నాన్నగారు ట్రంకుపెట్టెలో దాచిన పాత నాణేలకు నడుమ రంధ్రం చేసి, కాచి, గుండ్రంగా వంచి, చేతితో తయారుచేసే కలాల మూతలకు పట్టీలుగా మలుస్తుంటాను. విజయవాడలోని ఒక కలాల వ్యాపారి 2024 మార్చి నుంచి నవంబరు వరకు ఐదు విడతలుగా సరుకు తీసుకున్నాడు. మధ్యలో యూపీఐ ద్వారా 10 వేలు పంపాడు, ఇంకా 86 వేల రూపాయలు రావాలి. బిల్లులు ఇవ్వలేదు, ఏ విడతలో ఏ నాణేలు వెళ్లాయో రాసుకోలేదు; మాటలన్నీ వాట్సాప్‌లోనే. గట్టిగా అడిగితే, నాణేలు కోయడం నేరమని పోలీసులకు చెబుతానంటున్నాడు. నాన్నగారి జ్ఞాపకాన్ని ఇలా పోగొట్టుకున్నందుకు నిద్ర పట్టడం లేదు. అతనిపై మోసం కేసు పెట్టవచ్చా? మిగిలిన పట్టీలను కరిగించేయమని మా బావగారు అంటున్నారు.

జవాబు: ఆ పట్టీలను ఏ నాణేలతో చేశారో మీరు ఎక్కడా రాయలేదు. మీ వ్యవహారమంతా ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

నాణేల చట్టం, 2011 ప్రకారం నాణెం అంటే ప్రభుత్వం ముద్రించి, చట్టరీత్యా చెల్లుబాటులో ఉన్నది. స్మారక నాణేలు కూడా అందులోకి వస్తాయి. అటువంటి నాణేన్ని కరిగించడాన్ని, ధ్వంసం చేయడాన్ని, మారకానికి తప్ప మరొక పనికి వాడడాన్ని సెక్షన్ 12 నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే సెక్షన్ 13 కింద 7 సంవత్సరాల వరకు జైలుశిక్ష, జరిమానా పడవచ్చు. నాణెం మీ సొంతమైనా, నాన్నగారు ఇచ్చినదైనా తేడా లేదు. అయితే 25 పైసలు, అంతకంటే తక్కువ విలువ గల నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటు కోల్పోయాయి. కాబట్టి పావలాలు, పది పైసలు, నడుమ చిల్లు ఉన్న పాత కాణీల వంటి వాటితో చేసిన పట్టీలకు ఈ నిషేధం అడ్డు రాదు. అర్ధరూపాయి సంగతి వేరు. మన దుకాణాల్లో ఎవరూ తీసుకోకపోయినా అది నేటికీ చెల్లే నాణెమే. రూపాయి, రెండు రూపాయల నాణేల విషయం చెప్పనక్కరలేదు.

ఈ తేడా మీ బాకీని నేరుగా తాకుతుంది. చట్టం నిషేధించిన పనికి కుదిరిన ఒప్పందం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం చెల్లదు గనుక, చెల్లే నాణేలతో చేసిన సరుకు ధరను కోర్టు ఇప్పించదు. పైగా మీరు పోలీసు స్టేషనుకు వెళ్లి ఇచ్చే ఫిర్యాదే మీ నేరాంగీకారంగా మారే ప్రమాదం ఉంది. సరుకు తీసుకుని డబ్బు ఇవ్వనంత మాత్రాన అది మోసం నేరం కాదు. మొదటి నుంచే ఎగవేసే ఉద్దేశం ఉందని రుజువు కావాలి. ఐదు విడతల్లో ఏ ఒక్కదానికీ బిల్లు లేకుండా, ఏ విడతలో ఏ నాణేలు వెళ్లాయో పుస్తకంలో రాసుకోకుండా వ్యాపారం చేయడం క్షమించరాని నిర్లక్ష్యం.

బావగారి సలహాను ససేమిరా పాటించకండి. కరిగించడం ఆ చట్టం కింద విడిగా ఒక నేరం; కరిగిన ముద్దను దగ్గర ఉంచుకోవడం కూడా నిషిద్ధమే. నేరాన్ని కప్పిపుచ్చడానికి సాక్ష్యాన్ని మాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షా చట్టం) సెక్షన్ 238 తోడవుతుంది. అన్నింటినీ మించి, విలువ, సంవత్సరం కనిపించే పట్టీలే ఆ నాణేలు చెల్లనివని చూపించగల మీ అసలైన సాక్ష్యం. పాత తేదీ వేసి ఇప్పుడు బిల్లులు సృష్టించే ఆలోచన వచ్చినా అక్కడే ఆపేయండి.

గడువు విషయంలో చాలామంది పొరబడతారు. అరువు గడువు మాట్లాడుకోని సరుకు ధరకు దావా, ఆ సరుకు అందిన తేదీ నుంచి 3 సంవత్సరాలలోపు వేయాలి. ఐదు విడతలకూ ఐదు గడువులు. మార్చి సరుకు గడువు 2027 మార్చిలోనే ముగుస్తుంది. ఆ 10 వేల జమతో గడువు కొత్తగా మొదలైందని అనుకోకండి. దావా గడువులను నిర్ణయించే లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 ప్రకారం ఆ చెల్లింపును అంగీకరిస్తూ అతని చేతిరాత గానీ సంతకం గానీ ఉండాలి, బ్యాంకు పద్దు ఒక్కటే చాలుతుందని నమ్మి కూర్చోరాదు.

ఇప్పుడు చేయవలసిన పని ఇది. మీ దగ్గర మిగిలిన పట్టీలను, నాణేలను విలువను బట్టి వేరుచేసి ఫొటోలు తీయండి. కోయని చెల్లే నాణేలను బ్యాంకులో జమచేయండి. చెల్లే నాణేలతో చేసిన పట్టీలు ఉంటే వాటిని అమ్మకుండా, పారవేయకుండా ముందుగా క్రిమినల్ న్యాయవాదిని కలవండి. వందేళ్లు దాటిన నాణేలు ఉంటే 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా చూడాలి. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయరాదు, వాటిని, వాటితో చేసిన పట్టీలను విదేశీ కొనుగోలుదారులకు పంపవద్దు. వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోనును మార్చకండి, ఎందుకంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రంతో దానిని కోర్టులో దాఖలు చేయవలసి ఉంటుంది.

ఆ తరువాత చెల్లని నాణేలతో చేసిన విడతలకు మాత్రమే లెక్క కట్టి లాయరు నోటీసు పంపండి. అతను స్పందిస్తే గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావాకు ముందే రాజీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే వచ్చే అవార్డు కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం. రాజీ మాటలు సాగుతున్నా మార్చి గడువు దాటనివ్వకండి. అతను బాకీ ఒప్పుకుంటే ఆ మొత్తాన్ని తేదీతో రాయించి సంతకం తీసుకోండి. గడువులోపు తీసుకున్న ఆ సంతకంతో లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ప్రకారం మరో 3 సంవత్సరాలు లభిస్తాయి.