పేరు మార్చే ముందు ఒక మాట

అమ్మాయికి ఆశీస్సులు.

మన పక్షి సంరక్షణ సంస్థ పేరు మారుస్తున్నారని నిన్న వేరొకరు ఫోను చేసి చెప్పారు. ఈ కబురు నీ నోట వినవలసింది కదా! పక్షుల లెక్కింపుకు మొదటిసారి వచ్చి బైనాక్యులర్‌ను తిరగేసి పట్టుకున్న పిల్ల, ఇప్పుడు సంస్థకే నామకరణం చేస్తోందంటే గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మార్చవద్దని అనను. పేరులో పక్షులే ఉన్నాయి, మీ పని కప్పల దాకా, గడ్డిభూముల దాకా విస్తరించింది. పెద్ద సంస్థలకూ ఈ అవసరం వచ్చింది. 1961లో వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్‌గా మొదలైనది 1986లో వరల్డ్ వైడ్ ఫండ్ ఫర్ నేచర్ అయింది. వన్యప్రాణుల దగ్గరే ఆగిపోతే తమ పనంతా పేరులో కనిపించదని వాళ్లకూ అనిపించింది. అయినా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అక్షరాలనూ, పాండా బొమ్మనూ వదులుకోలేదు. అమెరికా, కెనడా శాఖలైతే పాత పేరుతోనే కొనసాగాయి. అందుకే చెబుతున్నాను, మన చిహ్నంలోని కొంగ జోలికి వెళ్లకు. చదువు రానివాళ్లు మనల్ని గుర్తుపట్టేది దానితోనే.

సర్వసభ్య సమావేశంలో తీర్మానం, రిజిస్ట్రేషన్, పన్ను మినహాయింపు పత్రాలు, వెబ్‌సైట్ చిరునామా, ఇవన్నీ మీ ఆడిటరు చెబుతారు. కొత్త పేరు ఇంకెవరికైనా ఉందేమో బోర్డు రాయించక ముందే వెతికించు.

నేను చెప్పవలసింది వేరే ఉంది. మొదటి పేరు తీసి ఇప్పటి పేరు పెట్టినప్పుడు నేనే కార్యదర్శిని. సభ పెట్టాం, పత్రికల్లో వేయించాం. బ్యాంకు ఖాతా పేరు ఆ వారమే మార్పించి, పని చకచకా అయిందని మురిసిపోయాను. పాత పేరుతో వచ్చే చెక్కుల సంగతి ఒక్కసారీ ఆలోచించలేదు.

పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు మూడు నెలలకోసారి చిన్న మొత్తానికి చెక్కు పంపేవారు. చూపు తగ్గి పత్రికలు చదవడం మానేశారు, సభలకు రాలేరు. ఆయన చెక్కు బ్యాంకు నుంచి తిరిగి వెళ్లింది. తరువాతదీ వెళ్లింది. మూడోసారి చెక్కుకు బదులు ఉత్తరం వచ్చింది. అక్షరాలు వంకరలు తిరిగి, పంక్తి మీద పంక్తి ఎక్కి ఉన్నాయి. తన వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా అని అడిగారు. తన డబ్బు అక్కరలేదంటే బాధపడనని కూడా రాశారు.

మర్నాడే ఆయన ఇంటికి వెళ్లాను. జరిగింది చెబితే మౌనంగా విని, లోపలి నుంచి ఒక రేకు డబ్బా తెచ్చారు. అందులో పదిహేనేళ్ల రశీదులు, ఏడాదికొక కట్ట, దారంతో కట్టి ఉన్నాయి. అన్నిటి మీదా పాత పేరు, అడుగున నా సంతకం. ఒకటి తీసి నా చేతిలో పెట్టి, ‘ఇవి ఇప్పటికీ చెల్లుతాయా బాబూ?’ అన్నారు. పన్ను లెక్క కోసం అడిగిన మాట కాదది. తన డబ్బుతో నిలబెట్టిన పక్షి గూళ్లు ఇంకా తన ఖాతాలో ఉన్నాయా అని అడిగారు. ‘చెల్లుతాయి మాస్టారూ’ అన్నాను. అంతకు మించి గొంతు పెగల్లేదు.

కాబట్టి ముందు బ్యాంకుకు వెళ్లు. పాత పేరు చెక్కులను ఎంతకాలం తీసుకుంటారో కాగితం మీద రాయించుకో. వీలునామాల్లో పాత పేరు రాసి పెట్టినవాళ్లు ఉంటారు. రెండు పేర్లూ ఒకే సంస్థవని చూపే పత్రాన్ని ఎన్నేళ్లయినా పారేయకు. రశీదుల మీద కొత్త పేరు కింద పాత పేరూ కొన్నాళ్లు అచ్చు వేయించు. గూళ్ల దగ్గర కాపలా ఉండేవాళ్లకు ఈ సంగతి కొత్త బోర్డు చూశాక తెలియకూడదు, నువ్వే వెళ్లి చెప్పు.

నేను నొచ్చుకుంటానని దాచావు కదూ? నొచ్చుకున్నాను తల్లీ, ఆ పేరు నేను పెట్టిందే. కానీ పేరు కన్నా నువ్వు ఎక్కువ. మార్చు.

పాత దాతల చిరునామాలు నా నోటుబుక్కులో ఉన్నాయి. పోయినవాళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టాను, మిగిలినవాళ్లు ఇరవై మూడు మంది. వాళ్లకు ప్రకటన కన్నా ముందు ఉత్తరాలు వెళ్లాలి, పెద్ద అక్షరాలతో. పుస్తకం కోసం ఎవరినో పంపకు, నువ్వే రా. ఆ ఉత్తరం ఇద్దరం కూర్చుని రాద్దాం.