మిద్దె మీద నుంచి ఆకాశానికి గన్ పెడితే

"బెంగళూరులో ఒకప్పుడు ఫ్యాన్ కూడా అక్కర్లేదనేవాళ్ళు, ఇప్పుడు ఏసీ లేకుండా ఏప్రిల్ గడవట్లేదు. గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ అంటే ఇదేనా? గాలిలో 0.04 శాతం ఉండే కార్బన్ డయాక్సైడ్ నిజంగా అంత పని చేస్తుందా? మనుషుల వల్లేనని ఎలా తేల్చారు?" అని అడిగారు కదా. నేను సైంటిస్టును కాను. మాది హిందూపురం. బెంగళూరులో 14 ఏళ్ళుగా ఏసీలు బిగిస్తున్నాను, రిపేర్లు చేస్తున్నాను. వేడి ఎటు పోతోందో చూడటమే నా పని కాబట్టి నాకు అర్థమైంది చెప్తాను.

ముందు ఊరి వేడిని విడిగా పెట్టండి. సిమెంటు, పూడిపోయిన చెరువులు, నేను బిగించే అవుట్‌డోర్ యూనిట్లు వీధిలోకి ఊదే వేడి, ఇవన్నీ బెంగళూరును కాలుస్తున్న మాట నిజమే. 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు తగిలినప్పుడు నాకు అన్నం తినే తీరిక కూడా లేదు. కానీ అది ఊరి వరకే. ఏసీ బయటికి ఊదే వేడే గ్లోబల్ వార్మింగ్ అని కస్టమర్లు చాలామంది అనుకుంటారు. కాదు. ఎక్కడి వేడైనా చివరికి ఆకాశంలోకి పోవాల్సిందే. పోనివ్వకుండా పట్టేవాటితోనే పేచీ.

మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోస్తుంది, మబ్బు లేని రాత్రి తెల్లవారుజామున దుప్పటి వెతుక్కుంటాం. మిద్దె మీద పడుకున్నవాళ్ళందరికీ తెలిసిందే. ఎందుకలా అన్నది మాత్రం టెంపరేచర్ గన్ కొన్నాకే నాకు తెలిసింది. ఏసీ నుంచి ఎంత చల్లగా వస్తోందో చూడటానికి వాడతాం. తాకకుండానే, వచ్చే వేడికిరణాలను బట్టి డిగ్రీలు చూపిస్తుంది. ఒక జనవరి రాత్రి ఊరికే నెత్తిమీదికి పెట్టి నొక్కాను. మైనస్ 16! పాడైందనుకుని గచ్చు వైపు తిప్పితే 19. మళ్ళీ పైకి పెడితే మళ్ళీ మైనస్. జూలైలో ముసురు పట్టిన రాత్రి అక్కడే నిలబడి చూస్తే ప్లస్ 15. మధ్యలో గాలే లేకపోతే పైనున్నది మైనస్ 270 డిగ్రీల శూన్యం, నా గన్‌కు అందనే అందదు. అంటే ఆ జనవరి రాత్రి కూడా ఏదో ఒకటి పైనుంచి వేడి పంపుతూనే ఉంది.

అదే గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్. ఎండ నేలను వేడెక్కిస్తుంది, నేల ఆ వేడిని కంటికి కనబడని కిరణాలుగా పైకి వదులుతుంది, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వాటిని పట్టుకుని కొంత కిందికే తిప్పి పంపుతాయి. ఇది లేకపోతే భూమి సగటు మైనస్ 18 డిగ్రీలు. ఉంది కాబట్టే 15. (నా గన్ పట్టేది ఎక్కువగా ఆవిరినీ మబ్బునీ. కార్బన్ డయాక్సైడ్ గట్టిగా అడ్డుపడేది 15 మైక్రాన్ల అల పొడవున్న కిరణాలకు, వాటిని ఈ గన్ చూడదు.)

ఇక 0.04 సంగతి. గాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజనే. వాటికి ఈ కిరణాలతో పనే లేదు. 1859లో జాన్ టిండాల్ అనే సైంటిస్టు ఒక్కో వాయువునీ గొట్టంలో నింపి కొలిచి మరీ చూశాడు. అడ్డుపడేదంతా మిగిలిన ఆ చిటికెడే. గిన్నెడు పాలకు చెంచాడు మజ్జిగ చాలదూ? పైగా ఆవిరి ఎక్కువైతే వానై దిగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్ళు ఉండిపోతుంది.

ఫ్యాక్టరీలు రాకముందు పది లక్షల పాళ్ళ గాలిలో అది 280 పాళ్ళు. 1958లో కీలింగ్ అనే అమెరికా సైంటిస్టు హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలత మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర. ఇప్పుడు 420 దాటింది. మనదేనని ఎలా తెలుసంటే, బొగ్గు, పెట్రోలు కోట్ల ఏళ్ళ నాటివి, వాటిలో కార్బన్-14, అంటే కాలం గడిచేకొద్దీ తరిగిపోయే ఒక రకం కార్బన్, ఎప్పుడో హరించుకుపోయింది. గాలిలోకి కొత్తగా చేరుతున్న కార్బన్‌లోనూ అది లేదు. ఇంకోటి, సూర్యుడే ముదిరి ఉంటే గాలి పైపొర కూడా వేడెక్కాలి. కింద వేడెక్కుతుంటే పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది.

నా వాటా కూడా చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో పాత స్ప్లిట్ ఏసీ విప్పాలంటే నట్టు వదులు చేసి గ్యాస్ గాలికి వదిలేసేవాణ్ణి. స్స్ మని పోయేది, పైపు మీద తెల్లగా మంచు కట్టేది. మేస్త్రీ నేర్పిందే అది. ఆ పాత ఏసీల్లో ఉండే ఆర్22 గ్యాస్ వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 1800 రెట్లు వేడిని పట్టి ఉంచుతుందని చాలా ఆలస్యంగా తెలిసింది. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే నేను వదిలిన ఒక్క కిలో గ్యాస్ 780 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. నా స్కూటర్ మీద తిరుపతికి 70 సార్లు వెళ్ళిరావచ్చు. ఇప్పటి ఏసీల్లో వచ్చే ఆర్32 గ్యాస్ ఓజోన్ పొరను ఏమీ చేయదు గానీ, అదీ 700 రెట్ల దాకా వేడిని పట్టి ఉంచుతుంది. ఓజోన్ చిల్లు వేరు, ఈ వేడి వేరు.

ఇప్పుడు విప్పేముందు పంప్ డౌన్ చేస్తాను. లిక్విడ్ వాల్వు మూసి కంప్రెసర్ నడిపితే గ్యాసంతా అవుట్‌డోర్‌లోకి చేరుతుంది, అప్పుడు సక్షన్ వాల్వు మూసేయడమే. ఐదు నిమిషాలు. "ఇంకా ఎంతసేపన్నా?" అంటారు కస్టమర్లు. కంప్రెసర్ కాలిపోయిన మిషన్‌కు అది కుదరదు, గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగే రికవరీ మిషన్ కావాలి. మా నలుగురు మెకానిక్‌లకీ కలిపి ఉన్నది ఒక్కటే, ఆదివారం వస్తే దానికోసం కొట్టుకుంటాం.