పంట పాడుచేసే జంతువుల వేటకు ఏ తూటా, ఏ రైఫిల్ మంచిది?

పాయింట్ 223 మేలా, పాయింట్ 22-250 మేలా, దానికి ఏ రైఫిల్ కొనాలి అని అడిగారు. ఆ రెండు తూటాలూ అమెరికా మైదానాల్లో రెండు మూడు వందల గజాల దూరాన కనబడే ప్రెయిరీ డాగులను (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువులు), కొయోట్లను (చిన్న తోడేళ్ల లాంటివి) కొట్టడానికి పేరుపడ్డవి. 40 నుంచి 55 గ్రెయిన్లు, అంటే నాలుగు గ్రాములు కూడా తూగని పలుచటి తొడుగు గుండు మహావేగంతో వెళ్లి, తగిలిన చోటనే చిట్లిపోవడం వాటి గొప్పతనం. మన చేలలో పడేది అలాంటి చిన్న జంతువు కాదు, క్వింటాలుకు దగ్గరపడే అడవి పంది. మగపంది భుజం మీది మందపాటి తోలుకు తగిలి ఆ గుండు పైపైన చిట్లితే పంది చావదు. గాయంతో పక్క పత్తి చేనులో దూరి, తెల్లవారి ఏరడానికి వచ్చిన ఆడవాళ్ల మీద పడుతుంది.

నా అనుభవం చెబుతాను. మాది నర్సంపేట వైపు, పాకాల అడవి అంచున మూడెకరాల మక్క చేను. 2022 వానాకాలంలో కంకులు పాలు పోసుకుంటున్న రోజుల్లో, ఊరంతా కలిసి దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకున్నాక, అటవీ శాఖ జాబితాలోని షూటర్ ఒకాయన వచ్చారు. ఆయన చేతిలో ఉన్నది ఇషాపూర్‌లో తయారైన పాయింట్ 315 స్పోర్టింగ్ రైఫిల్. దాని గుండు 244 గ్రెయిన్లు, పందికి ఎక్కువే తప్ప తక్కువ కాదు. రాత్రి పదకొండు దాటాక, మేము గట్టు మీద కూర్చుని ఉండగా, మొదట కర్రలు విరిగే పటపట, ఆ వెంటనే కంకి నమిలే చప్పుడు వినిపించాయి. లైటు వేస్తే అరవై గజాల దూరంలో పెద్ద మగపంది, మూతి నిండా గింజల పాలతో, సరిగ్గా పక్కకు తిరిగి నిలబడింది. ఆయన తుపాకీ భుజానికి ఆనించి, కాసేపు చూసి, దించేశారు. ఎందుకు వదిలేశారని కోపంగా అడిగితే మాట్లాడకుండా చెయ్యి చాపారు. పంది వీపు మీదుగా, చాలా దూరంలో, మా పాలివాళ్ల బావి దగ్గర బల్బు వెలుగుతోంది. వాళ్లూ మాలాగే కాపలా పడుకున్నారు. చిన్న పాయింట్ 22 తూటాల డబ్బా మీదనే మైలున్నర దూరం వరకు ప్రమాదమని అచ్చు వేస్తారు. అలాంటప్పుడు పాయింట్ 315 ఎంత దూరం పోతుందో ఆయన చెప్పనక్కర లేకపోయింది. ఆ రాత్రంతా పంది మేసింది, మేము విన్నాము.

వారం తర్వాత ఆయన పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తీసుకొని వచ్చారు, అంటే నున్నటి గొట్టాలు రెండు ఉండి, ఒక్కో తూటాతో చాలా గుండ్లు వెదజల్లే తుపాకీ, వాటి గుండ్లు రైఫిల్ గుండంత దూరం పోవు. పదడుగుల ఎత్తున మంచె కడితేనే కూర్చుంటానన్నారు. తెచ్చినవి ఎస్.జి. తూటాలు, ఔన్సుకు ఎనిమిది గుండ్ల లెక్క. వాటిలో ఒకటి తేమకు ఉబ్బి గొట్టంలోకి దిగలేదు, దాని ఇత్తడి అడుగు పచ్చబారి ఉంది. దాన్ని జేబులో వేసుకొని మరొకటి పెట్టారు. పంది ఇరవై అయిదు గజాల్లోకి వచ్చేదాకా ఆగి, పైనుంచి కిందికి కొట్టారు. పది అడుగులు పరుగెత్తి పడిపోయింది, తప్పిన గుండ్లు మట్టిలో దిగాయి. మాకిచ్చిన అనుమతి ప్రకారం సిబ్బంది కళ్లముందే పాతిపెట్టాము. కూర పోయిందని గొణిగినవాళ్లు పంట మిగిలిందని మాత్రం అనలేదు.

అందుకే, చదునైన చేలూ, పొలానికో మనిషీ ఉండే మన ప్రాంతంలో పన్నెండు బోరును మించినది లేదని నా గట్టి అభిప్రాయం. పంటకాపలా కోసం 1959 ఆయుధాల చట్టం పేరుపెట్టి చెప్పింది కూడా మూతి నుంచి మందు కూరే నున్నటి గొట్టపు తుపాకీనే, అంటే మన భర్మారునే. అయితే తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన కాల్చే హక్కు రాదు. దానికి 1972 వన్యప్రాణి చట్టంలోని 11వ సెక్షన్ కింద వేరే అనుమతి కావాలి. మక్కలు తింటున్నది నెమలి అయితే ఆ చట్టంలోని మొదటి షెడ్యూలు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితా, అడ్డం వస్తుంది, తుపాకీ ఆలోచనే మానుకోవాలి. ఇవన్నీ తిప్పలని చేను చుట్టూ కరెంటు తీగ కట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, దానికి పందికంటే ముందు పక్క రైతు చిక్కుతాడు.

ఇంకొక బాధ ఉంది. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఆ షూటర్ తుపాకీ పోలీస్ స్టేషన్‌లో జమ అయింది. కోడ్ పందులకు వర్తించదు కనుక, అప్పుడే విత్తిన పల్లి గింజలను సాలు వెంట సాలు మూతితో తవ్వుకొని తిన్నాయి. రెండోసారి విత్తనం కొన్నాను.

రైఫిలే కావాలని మీకు పట్టుదలగా ఉంటే పాయింట్ 315 తీసుకోండి, కానీ ముందు మంచె కట్టండి, పగలే దాని మీద కూర్చుని ఏ దిక్కున ఎవరి బావి ఉందో చూసుకోండి.