సందు గోడలకు బొమ్మలు వేయించే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి సందుల్లో గోడలకు బొమ్మలు వేయించే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఈ ఊళ్లో దుకాణాలకు బోర్డులు రాసి బతికినవాణ్ని కనుక కొన్ని విషయాలు ముందే రాస్తున్నాను.

నువ్వు పంపిన డిజైన్లు చక్కగా ఉన్నాయి, కానీ అవి మెయిన్‌రోడ్డు గోడలకు పనికివచ్చేవి. ఆరేడు అడుగుల సందులో ఎవరూ వెనక్కి జరిగి నిలబడి చూడలేరు కాబట్టి, గోడ నిండా ఒకే పెద్ద ముఖం గీస్తే నడిచేవారికి ముక్కు ఒకచోట, చెవి మరోచోట కనిపిస్తాయి. సందులో బొమ్మ మనిషి నడకతో పాటు సాగాలి. మన పుట్టపాకలో నేసే తేలియా రుమాలు బట్టను ఒకసారి దగ్గరగా చూడు. ఎరుపు, నలుపు, తెలుపు రంగులతోనే గడి పక్కన గడి చేరుతూ పోతుంది, ఎక్కడ ఆగి చూసినా నిండుగానే ఉంటుంది. అలాంటి అమరిక సందుకు సరిపోతుంది, రంగుల ఖర్చూ తగ్గుతుంది.

ఇక గోడ సంగతి. మన పాత ఇళ్ల గోడలకు ఏటేటా వేసిన సున్నం పొరలు పొరలుగా ఉంటుంది. దాని మీదే ఖరీదైన రంగు వేస్తే ఆ సున్నంతో పాటే పెచ్చులుగా ఊడిపోతుంది. వైర్ బ్రష్‌తో గీకించి, కడిగించి, ఆరనిచ్చిన తర్వాతే ప్రైమర్ పూయించు. మోరీని ఆనుకున్న గోడకు కింది రెండు మూడు అడుగుల మేర చెమ్మ ఎక్కి, ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది. ఆ ఎత్తు వరకు బొమ్మ గీయవద్దు. జాజు రంగు పట్టీతో వదిలేస్తే, పాడైనప్పుడు అదొక్కటి మళ్లీ పూస్తే చాలు. కొత్తగా సిమెంటు ప్లాస్టరింగ్ చేసిన గోడైతే కనీసం 28 రోజులు ఆగాలి. డిస్టెంపర్ చవక అని ఎవరు చెప్పినా వినకు, బయటి గోడలకు వాడే ఎమల్షనే తీసుకో. పడమటి ఎండ తగిలే గోడకు మెరిసే గులాబీ, నిమ్మపండు రంగులు నిలవవు. ఆక్సైడ్ ఎరుపు, ఆక్సైడ్ పసుపు నిలుస్తాయి.

ఇంటి యజమాని అనుమతి నోటిమాటగా కాక కాగితం మీద ఉండాలి. అద్దెకున్నవారు సరేనన్నారని మొదలుపెడితే పని మధ్యలో ఆగుతుంది. మూత్రవిసర్జన ఆపడానికి దేవుడి బొమ్మలు వేయమని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఒప్పుకోకు, అక్కడ ఒక లైటు వేయించి, మోరీ మీద పగిలిన బండ మార్పించమని మున్సిపాలిటీని అడుగు. చీకటి పోకుండా రంగులు ఎన్ని వేసినా ఆ సందులోకి ఆడవాళ్లు రారు.

బొమ్మ ఎన్నేళ్లు ఉండాలో ఒప్పందంలోనే రాయించు. మెల్బోర్న్ నగరపాలక సంస్థ 2001లో సందుల కోసం కళాకారులకు పనులు అప్పగించడం మొదలుపెట్టినప్పుడు అవి కొంతకాలమే ఉంటాయని ముందే అనుకున్నారు. అక్కడి హోసియర్ లేన్‌లోనైతే ఒకరి బొమ్మ మీద మరొకరు గీస్తూనే ఉంటారు. మన దగ్గర ఆ మాట అనుకోకపోతే తగాదా అవుతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం తొలగిస్తే, తన కృతి పాడుకాకుండా చూసుకునే హక్కును కళాకారుడికి ఇచ్చే కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఆయనకు 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. అందుకే ఇల్లు పడగొట్టినా, గోడకు కొత్త రంగు వేసినా ఏం చేయాలో చిత్రకారులతో, ఇంటివారితో ముందే తేల్చుకో. చిత్రకారులకు అడ్వాన్సు, సగం పనికి కొంత, పూర్తయ్యాక మిగతాది ఇవ్వాలి. పరంజా కిరాయి, రంగుల ఖర్చు వారి కూలిలో కలపవద్దు. బిల్లు పాసయ్యేదాకా ఆగమనడం అన్యాయం.

దసరా దాటాక పని మొదలుపెట్టు. ఎండాకాలంలో కాలిన గోడ మీద కుంచె ఆడకముందే రంగు ఆరిపోతుంది. ఈలోగా, పెద్ద వాన వెలిసిన మర్నాడు ఆ సందులన్నీ తిరిగి, ప్రతి గోడనూ అడుగుభాగం కనిపించేలా ఫోటో తీసి పంపు. ఏ గోడ వదిలేయాలో గుర్తుపెట్టి పంపుతాను. డిజైన్ల మాట ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దనాన్న