పెట్టెలకంటే ముందు రైతుల పేర్లు రాసుకోండ్రి

బిడ్డా,

మీ సంఘం తేనెటీగల పెట్టెలు తేవాలని తీర్మానం రాసిందని, స్త్రీనిధి లోను గూడ మాట్లాడుకున్నరని మీ అమ్మ చెప్పింది. శాన సంతోషమైంది. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవని రాస్తున్న. అందరు కూసున్నప్పుడు చదివి వినిపియ్యి.

పెట్టె ధర ఎంత, తేనె ఎంతొస్తది అని అందరడుగుతరు. నేనైతే మీ ఊళ్లె పంటకు పురుగుమందు ఎవలు, ఎప్పుడు కొడ్తరని అడుగుత. మన వరంగల్ దిక్కు పత్తి, మిర్ప తోటలే ఎక్కువ. తామరపురుగు పడ్డదంటే రైతు ఆగడు, ఆగమని మనం అనొద్దు గూడ. కని ఈగ రెండు మూడు కిలోమీటర్లు పోయొస్తది. మన చెల్కల మనం మందు కొట్టకుంటే సరిపోదు.

మేం మొదలువెట్టిన రెండో ఏడు ఒకనాడు పొద్దుగాల పోయి చూస్తే నాలుగు పెట్టెల ముంగట ఈగలు కుప్పలు వడి ఉన్నయి. నాలుకలు బయటికొచ్చి, రెక్కలు విరబోసుకొని. కొన్ని ఇంకా నేల మీద గిర్రున తిరుగుతున్నయి. మా సంఘంల ఒకామె వాటిని కొంగుల ఎత్తుకొని ఏడ్సింది. పక్క తోటాయన ముందటి రోజు పొద్దుగాల పువ్వు మీద మందు కొట్టిండట. ఆయన మీద కోపం రాలేదు నాకు. మేం ఆయనకు ఒక్క మాటన్న చెప్పి ఉండలేదు.

గప్పటి సంది ఊరిని పంచుకున్నం. మందు ఎప్పుడు కొట్టేది ఏ వాడ రైతులు ఆ వాడామెకు చెప్తరు. పొద్దుమీకి ఈగలు గూటికొచ్చినంక కొట్టుమని బతిమాలుకుంటం. పొద్దుగాలనే కొట్టాలె అంటే ముందటి రాత్రే ఈగలు వచ్చిపోయే పెట్టె గేట్లకు జాలి వెట్టి, మీద తడి గోనెసంచి కప్పుతం. గాలి ఆడాలె, ఒక్క దినం కంటే ఎక్కువ మూయొద్దు, ఉక్కకు చస్తయి. తేనె తీసిన దినం మొదటి సీసా ఆ రైతుల ఇండ్లకే పోతది. ఒక్క మనిషి పెట్టెలు వెట్టుకుంటే ఇన్ని ఇండ్లు తిరుగగలడా? ఈ పని సంఘానికి కలిసొచ్చేది ఇందుకే.

పెట్టెలు మాత్రం అందరియి అనుకోకుండ్రి. అందరిదంటే ఎవ్వలిది కాదు. ఒక్కో పెట్టె మీద నంబరు, చూసుకునే ఆమె పేరు రాయుండ్రి. వారానికి ఒక్కసారి తెరిస్తే చాలు. రాణి ఈగను దేవులాడుకుంట పెట్టె లోపటి చట్రాలన్ని కెలుకొద్దు. ఎండను వెనుకకు వెట్టుకొని చట్రం వంచి గదుల అడుగుకు చూడు. బియ్యపు నూక కంటే సన్నగ, తెల్లగ గుడ్డు నిలవడి ఉంటే మూడు దినాల లోపట రాణి ఆడ తిరిగినట్టే. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఎండనియ్యొద్దు, చీమలు ఎక్కుతయి.

పువ్వు లేని నెలలు కష్టం. చక్కెర, నీళ్లు సమానం కలిపి పెట్టాలె. పువ్వు మొదలుకాంగనే బంద్ చెయ్యాలె, లేకుంటే ఆ చక్కెరే తేనె గదులకెక్కుతది, కల్తీ అని అననోడు పాపం. మొదటేడు తేనె తక్కువొచ్చినా పర్వాలేదు, గూళ్లు బతికితే చాలు. లెక్క చూపెట్టాలని పచ్చి తేనె తియ్యొద్దు. చట్రంల ముప్పావు భాగం గదులకు మైనం మూత పడ్డంకనే తేనె తీసే యంత్రంల వెట్టాలె. తేమ 20 శాతం దాటితే పులుస్తది, మీ సంఘం పేరు దాంతోనే పోతది. పొద్దుతిరుగుడు తేనె పేరుకుంటది, చక్కెర కలిపిండ్రంటరు. అమ్మేటప్పుడే చెప్పుండ్రి, సీసాను గోరువెచ్చని నీళ్లల్ల వెడితే కరుగుతదని.

శిక్షణకు ఒక్కామెను పంపొద్దు, ఇద్దరిని పంపుండ్రి. ఒకామెకు పెండ్లో పురుడో వస్తే ఇంకొకామె ఉంటది. రాజేంద్రనగర్ గ్రామీణాభివృద్ధి సంస్థల నేర్పుతరు, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంల గూడ అడిగి చూడుండ్రి.

అమాస వెళ్లినంక నేనొస్త. అప్పటికల్ల ఏ వాడల ఎవలు మిర్ప వేసిండ్రో, ఎవలు పత్తి వేసిండ్రో ఒక నోట్‌బుక్కుల రాసి వెట్టు. ఆ పుస్తకం పట్టుకొని ఇద్దరం కలిసి తిరుగుదాం.

మీ పెద్దమ్మ